సాయంత్రం ఏడీహెచ్‌డీ మందు ప్రభావం దిగేటప్పుడు మనసు కుంగిపోతుంటే

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ఏడీహెచ్‌డీకి (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి సమస్యకి) పొద్దున ఎనిమిదింటికి మిథైల్‌ఫెనిడేట్ వేసుకుంటున్నారు, రోజుకు ఒక్కసారే వేసుకునే రకం. మధ్యాహ్నం దాకా పని సాఫీగా సాగిపోతుంది. సాయంత్రం నాలుగున్నరకీ ఐదుకీ మధ్య ఉన్నట్టుండి ఒళ్ళు బరువెక్కుతుంది, చిరాకు పుడుతుంది, కారణం లేకుండా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. బాబు ఏదడిగినా కసురుకుంటున్నారు. ఏడు దాటేసరికి తేరుకుంటారు, ఇక అక్కణ్ణుంచి వాణ్ణి కసిరినందుకు బాధ. "ఇది మందుకు బానిస కావడమా? నా అసలు స్వభావమే ఇదా? మానేస్తే మంచిదా?" అని అడిగారు.

బానిస కావడం కాదు. మీ స్వభావమూ కాదు. మానేయాలా వద్దా అన్నది మీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి, కానీ అంతదాకా వెళ్ళకముందే చేయగలిగింది చాలా ఉంది. "ఈ మందు వాడితే ఇంతే, భరించాలి" అని మాత్రం సరిపెట్టుకోకండి. పగలు బాగుండాలంటే సాయంత్రం ఏడవాల్సిందే అన్న నియమమేమీ లేదు.

నేను డాక్టర్ని కాను. పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ అని తేలింది, అప్పట్నుంచీ ఏళ్ళ తరబడి ఈ మందుల మీదే ఉన్నాను. మిథైల్‌ఫెనిడేట్‌లో రకాలు వాడాను, దీనికే ఇచ్చే ఇంకో రకం, ఆంఫెటమిన్ జాతి మందూ వాడాను. మా అమ్మాయికీ ఇదే సమస్య, ఇదే వైద్యం. అందుకని ఈ సాయంత్రం గంటని లోపలినుంచీ చూశాను, బయటినుంచీ చూశాను. మీ డోసు ఎంతుండాలో నేను చెప్పను, చెప్పకూడదు. ఏం గమనించాలి, డాక్టర్‌ని ఏమడగాలి, ఆ గంట గడిచేదాకా ఏం చేయాలి అన్నవి చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. మెదడులో నరాల కణాలు డోపమిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలను విడుదల చేసి, పని అయ్యాక మళ్ళీ లోపలికి లాగేసుకుంటాయి. మిథైల్‌ఫెనిడేట్ ఆ లాగేసుకునే దారిని అడ్డుకుంటుంది, దాంతో అవి బయట కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి. ఆంఫెటమిన్లు అడ్డుకోవడంతోపాటు మరికొంత బయటికి తోస్తాయి కూడా. చిక్కల్లా ఎక్కడంటే, మిథైల్‌ఫెనిడేట్ ఒంట్లోంచి త్వరగా పోతుంది. మామూలు మాత్ర అయితే రెండు మూడు గంటల్లో రక్తంలోని మందు సగానికి పడిపోతుంది, మొత్తం ప్రభావం మూడు నాలుగు గంటలే. అందుకే రోజంతా పనిచేయడానికి దాన్ని విడతలుగా వదిలే మాత్రలు, క్యాప్సూళ్ళు తయారుచేశారు.

వాటిలో ఒక రకం ఉంది, గట్టి పెంకులాంటి మాత్ర. పైపూతలో మందు 22 శాతమే. అది మొదటి గంటలో కరిగి పనిలోకి దిగుతుంది. మిగిలింది లోపలి అరల్లో ఉంటుంది. కడుపులోని నీరు లోపలికి చేరి ఒక అరను ఉబ్బిస్తే, అది మందును సన్నటి రంధ్రంలోంచి కొద్దికొద్దిగా బయటికి నెడుతుంది. పెంకు మాత్రం కరగదు, మలంలో అలాగే వచ్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు మాత్ర కరగలేదేమోనని కంగారుపడతారు, ఆ కంగారు అక్కర్లేదు. ఈ రకంలో రక్తంలో మందు మెల్లగా పెరుగుతూ వేసుకున్న 6 నుంచి 10 గంటలకు గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత దిగుతుంది. పొద్దున ఎనిమిదికి వేసుకుంటే దిగుడు మొదలయ్యేది మధ్యాహ్నం రెండుకీ సాయంత్రం ఆరుకీ మధ్య. మీ నాలుగున్నర సరిగ్గా అందులోనే ఉంది. మీది గుళికల క్యాప్సూల్ అయితే, సగం గుళికలు వెంటనే, సగం నాలుగు గంటల తర్వాత కరిగే రకాలున్నాయి. వాటి ప్రభావం సుమారు ఎనిమిది గంటలు. ఆ లెక్క కూడా నాలుగు ప్రాంతానికే వస్తుంది. పెట్టె మీద ఏ రకమని రాసి ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక దిగేటప్పుడు మామూలు స్థితికి వచ్చి ఆగకుండా ఇంకా కిందికి ఎందుకు జారతాం? పగలంతా ఒక మోతాదులో మందు ఉంటే మెదడు ఆ రోజుకు దానికి సర్దుకుంటుంది. ఒకే స్థాయిలో మందు ఇస్తూపోతే మధ్యాహ్నానికి ప్రభావం తగ్గుతోందని పరిశోధకులు గమనించారు. పెంకు మాత్రను పోనుపోను ఎక్కువ మందు వదిలేలా తయారుచేయడానికి కారణం అదే. అలా సర్దుకున్న మెదడు దగ్గర్నుంచి మందు వేగంగా తప్పుకుంటే, తిరిగి సర్దుకునే లోపల కాసేపు లోటు ఏర్పడుతుంది. మెట్లు ఒక్కొక్కటే దిగడం వేరు, మెట్టు తప్పడం వేరు. మనల్ని బాధపెట్టేది మందు తగ్గడం ఒక్కటే కాదు, అది తగ్గే వేగం. డాక్టర్లు దీన్ని రీబౌండ్ అంటారు, వాడేవాళ్ళు క్రాష్ అంటారు. చాలామందిలో అరగంట నుంచి ఒకటి రెండు గంటలు ఉండి దానంతటదే పోతుంది.

వ్యసనానికీ దీనికీ తేడా ఎక్కడంటే: డాక్టర్ రాసిన డోసులో నోటితో తీసుకున్న మిథైల్‌ఫెనిడేట్ మెదడులో గరిష్ఠానికి చేరడానికి గంట, ఆపైనా పడుతుంది. అదే మందును సిరలోకి ఎక్కిస్తే నిమిషాల్లో చేరుతుంది. మత్తూ, మళ్ళీ మళ్ళీ కావాలన్న తహతహా ముఖ్యంగా ఆ వేగంలోంచి పుడతాయి. మీకు సాయంత్రం దిగులు వస్తోంది, ఏడుకల్లా పోతోంది, మర్నాడు పొద్దున మందు కోసం ఒళ్ళు ఆరాటపడటం లేదు. కొన్నిసార్లు వేసుకోవడమే మర్చిపోతున్నానని మీరే రాశారు. ఇవి బానిసైన మనిషి లక్షణాలు కావు. ఒకవేళ ఆ గంటను తప్పించుకోవడానికి డాక్టర్ చెప్పని మాత్ర ఇంకొకటి వేసుకోవడం మొదలైతే మాత్రం దాచకుండా వెంటనే చెప్పేయండి. ఆ దారి మంచిది కాదు. దిగులుకి మాత్ర, ఆ మాత్ర దిగినప్పుడు మళ్ళీ దిగులు, నిద్ర పట్టకపోవడం, ఇలా చుట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు పని. మీ కుంగుబాటు ఏ గంటకు వస్తోందో తెలిస్తేనే దానికి విరుగుడు ఏమిటో తెలుస్తుంది. "సాయంత్రాలు బాగుండటం లేదండీ" అని డాక్టర్‌కి చెప్తే ఆయన ఊహించి ఏదో ఒకటి మార్చాల్సి వస్తుంది. పది రోజులు రాసిపెట్టండి. పెద్ద డైరీ అక్కర్లేదు, ఫోన్‌లో ఈ మాత్రం చాలు:

"8:05 మాత్ర. 8:30 తిన్నాను. 11 బాగుంది. 1:30 సగమే తిన్నాను, ఆకలి లేదు. 3:45 బాగుంది. 4:35 శబ్దాలు భరించలేకపోతున్నా. 4:50 అరిచాను. 5:30 దిగులు, 10కి 7. 6:40 తగ్గింది. 12:15 నిద్ర."

ఇలాంటివి ఒక వారం పైన చేరితే చదవడం తేలిక. వేసుకున్న గంట నుంచి మూడు గంటల లోపల బిగుసుకుపోయినట్టూ, మాట రానట్టూ, నవ్వు రానట్టూ, గుండె దడదడలాడుతున్నట్టూ ఉంటే అది దిగడం కాదు, డోసు ఎక్కువవడం. వీళ్ళకు సాయంత్రం ఇంకో మాత్ర కలిపితే పరిస్థితి ఇంకా చెడుతుంది, తగ్గిస్తే బాగుపడుతుంది. రోజూ దాదాపు ఒకే సమయానికి మొదలై, గంటా రెండు గంటల్లో పోతే అది రీబౌండ్. దీన్ని ఖాయం చేసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. డాక్టర్ అభ్యంతరం లేదంటే ఏదో ఒక సెలవురోజు మాత్రను గంట ఆలస్యంగా వేసుకోండి. కుంగుబాటు కూడా గంట ఆలస్యంగా వస్తే దానికి కారణం మందే. అలా కాకుండా అదే నాలుగున్నరకు వస్తే కారణం ఇంకెక్కడో ఉంది: మధ్యాహ్నం తినకపోవడం, ఆఫీసు నుంచి ఇంటికి మారే ఒత్తిడి, నిద్రలేమి.

ఇంకో రకం ఉంది, దాన్ని చాలామంది రీబౌండ్ అని పొరబడతారు. దిగులు లేదు, ఏడుపు లేదు. కేవలం మతిమరుపు, గందరగోళం, చేతిలో పని వదిలి ఇంకోదానికి పోవడం. అది మన ఏడీహెచ్‌డీ తిరిగి రావడం, అంతే. పగలంతా తేటగా ఉన్నాక అది మునుపటికంటే ఘోరంగా అనిపిస్తుంది, నిజానికి మునుపటంతే ఉంటుంది. దానికి వైద్యం వేరు, సాయంత్రం కూడా మందు అవసరమా అన్నది చర్చ. ఇక మందు వేసుకోని రోజుల్లో కూడా దిగులు అలాగే ఉంటే, పొద్దున లేవగానే ఉంటే, రోజులకు రోజులు వదలకపోతే, అది డిప్రెషనో ఆందోళనో కావచ్చు. ఏడీహెచ్‌డీతో అవి జతగా ఉండటం మామూలే, వాటికి విడిగా చికిత్స కావాలి. స్త్రీలు తమ పట్టికలో నెలసరి తేదీలు కూడా వేసుకోవాలి. నెలసరికి ముందు వారంలో మందు సరిగ్గా పనిచేయలేదనీ, దిగడం మరీ కఠినంగా ఉందనీ చాలామంది చెప్తారు. పట్టికలో అది కనబడితే డాక్టర్‌కి చూపించాల్సిన విషయమే.

మీ సందేశంలో ఒక వాక్యం నన్ను ఆపింది: "మధ్యాహ్నం పెద్దగా తినను, ఆకలి ఉండదు, రెండు కాఫీలతో సరిపెడతాను." మీ సాయంత్రంలో సగం బరువు అక్కడే ఉందని నా అనుమానం. ఈ మందులు ఆకలిని చంపేస్తాయి. ఆకలి తెలియదు గానీ ఒంటికి తిండి అవసరం అలాగే ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నర తర్వాత సరిగ్గా తినని మనిషికి, నీళ్ళు కూడా తాగని మనిషికి, మందు లేకపోయినా సాయంత్రం ఐదుకి చిరాకూ తలనొప్పీ వస్తాయి. దానిమీద మందు దిగడం కూడా పడితే రెండూ కలిసి ఒకటే పెద్ద దెబ్బగా తగులుతాయి.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. మాత్ర వేసుకునేముందే కడుపునిండా తినడం, అందులో గుడ్డో పెరుగో పప్పో, మాంసకృత్తులున్నది ఏదో ఒకటి తప్పనిసరి. మధ్యాహ్నం ఆకలిని అడగకుండా గడియారాన్ని బట్టి తినడం. అన్నీ తినలేకపోతే కొంచెమే, అది కూడా నమలబుద్ధి కాకపోతే తాగేది. పాలో మజ్జిగో, ఏదైనా సరే. మందు దిగే సమయానికి అరగంట ముందు మళ్ళీ చిన్న తిండి, ఒక పెద్ద గ్లాసు నీళ్ళు. ఈ చివరిదాన్ని మాత్రం వదలకండి. ఒక్క తీపి వస్తువుతో సరిపెట్టకండి, అది పావుగంట ఊపిచ్చి మళ్ళీ కిందికి దించుతుంది. మా అమ్మాయి బడి నుంచి వచ్చేసరికి మొహం మాడ్చుకుని, చెప్పులు విసిరేసి, పలకరిస్తే ఏడ్చేది. ఇప్పుడు ఇంట్లో అడుగుపెట్టగానే ఎవరూ ప్రశ్నలు వేయరు. ప్లేటు బల్లమీద ఉంటుంది. ఇరవై నిమిషాల తర్వాత తనే వచ్చి కబుర్లు మొదలుపెడుతుంది. ప్రతి పిల్లకూ ఇంత తేలిగ్గా కుదరదు, కానీ మందు మార్చేముందు ఈ పని చేసి చూడటం న్యాయం.

కాఫీ సంగతి విడిగా చెప్పాలి. మందు దిగుతున్నప్పుడు కాఫీ తాగితే కాసేపు లేచినట్టే ఉంటుంది. కెఫిన్ సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే ఐదింటి కాఫీ రాత్రి పదికి కూడా ఒంట్లో సగం ఉంటుంది. నిద్ర చెడితే మర్నాడు సాయంత్రం దిగుడు ఇంకా గట్టిగా తగులుతుంది. పైగా రెండూ ఉత్తేజకాలే, గుండె వేగాన్నీ కంగారునీ కలిపి పెంచుతాయి. పొద్దున ఒకటి తాగండి, మధ్యాహ్నం తర్వాతవి ఒక్కసారిగా కాకుండా కొద్దిరోజుల్లో తగ్గించుకోండి. ఒక్కసారి ఆపితే ఆ తలనొప్పిని మళ్ళీ మందు మీదికి నెట్టేస్తాం.

మద్యం విషయంలో మెత్తగా చెప్పలేను. సాయంత్రం ఆ దిగులుని మద్యంతో మొద్దుబార్చుకునేవాళ్ళు ఉన్నారు, అది ప్రమాదం. మందు ఇంకా ఒంట్లో ఉండగా తాగితే ఎక్కింది తెలియదు, తెలియక ఇంకా తాగుతారు. మిథైల్‌ఫెనిడేట్, మద్యం కలిస్తే కాలేయంలో ఎథైల్‌ఫెనిడేట్ అనే ఇంకో ఉత్తేజకం తయారవుతుంది. విడతలుగా వదలాల్సిన కొన్ని క్యాప్సూళ్ళు మద్యం తగిలితే మందును ఒక్కసారిగా వదిలేయవచ్చు కూడా.

ఇక డాక్టర్ చేయగలిగినవి. ఇవి మీ చేతిలో ఉన్నవి కావు, కానీ ఇలాంటి దారులున్నాయని తెలిస్తే మీరు అడగగలరు. మొదటిది, మందు పూర్తిగా దిగకముందే, సుమారు అరగంటా గంటా ముందు, తక్కువసేపు పనిచేసే చిన్న డోసు ఇవ్వడం. దాంతో ఒక్కసారిగా పడే బదులు మెల్లగా దిగుతారు. నిద్ర చెడగొడుతుందేమోనని భయపడతాం. కొందరికి నిజంగానే చెడగొడుతుంది. ఇంకొందరికి దీనివల్లే నిద్ర బాగవుతుంది, ఎందుకంటే వాళ్ళను మేలుకోబెట్టేది మందు కాదు, మందు దిగాక వచ్చే అలజడి. రెండోది, ఎక్కువసేపు పనిచేసే వేరే రకానికి మారడం. మూడోది, మందునే మార్చడం. లిస్‌డెక్స్‌ఆంఫెటమిన్ అనేది మింగినప్పుడు పనిచేయని రూపంలో ఉంటుంది, రక్తంలోకి చేరాక ఎర్రకణాల దగ్గర దానికి అతికించిన లైసిన్ అనే పదార్థం ఊడిపోయి మందుగా మారుతుంది. అలా వచ్చిన ఆంఫెటమిన్ సగం తగ్గడానికి పది గంటల పైచిలుకు పడుతుంది, కాబట్టి చాలామందికి దిగుడు మెత్తగా ఉంటుంది. అందరికీ కాదు. మిథైల్‌ఫెనిడేట్‌తో హాయిగా ఉండి దీంతో సాయంత్రాలు పాడైనవాళ్ళూ ఉన్నారు. ఎవరికి ఏది పడుతుందో వాడి చూస్తేనే తెలిసేది, ముందే చెప్పే పరీక్ష లేదు. నాలుగోది డోసు తగ్గించడం. ఎత్తు తగ్గితే పడటమూ తగ్గుతుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు.

వీటితోనూ కుదరకపోతే గ్వాన్‌ఫసిన్, క్లోనిడిన్ లాంటివి జతచేస్తారు. పిల్లల్లో సాయంత్రం కోపానికీ, నిద్ర పట్టకపోవడానికీ వీటిని వాడటం ఎక్కువ. ఇవి రక్తపోటును తగ్గించే మందులు. వీటిని ఒక్కరోజులో ఆపేస్తే రక్తపోటు ఎగిరిపోవచ్చు, అందుకే ఆపాలన్నా మెల్లగా తగ్గించాలి. అటొమోక్సెటిన్ అనే ఇంకో ఏడీహెచ్‌డీ మందు ఉత్తేజకం కాదు, దానికి ఈ ఎక్కుడూ దిగుడూ ఉండవు, కానీ పూర్తి ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది.

మరో రెండు చిన్న సంగతులు. విడతలుగా పనిచేసే మాత్రను కొరకడం, పొడి చేయడం, సగానికి విరగ్గొట్టడం చేయకండి. రోజు మొత్తానికి ఉద్దేశించిన మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది, ఎక్కడం ఎక్కువ, పడటం ఇంకా ఎక్కువ. రెండోది, ఇన్నాళ్ళూ బాగుండి ఈ మధ్యే మొదలైతే పెట్టె మీద కంపెనీ పేరు మారిందేమో చూడండి. అదే మందు, అదే మిల్లీగ్రాములు అయినా మందు వదిలే పద్ధతి వేరుగా ఉండొచ్చు. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెంకు మాత్రకు బదులుగా అమ్ముతున్న రెండు జనరిక్ మాత్రల విషయంలో ఇదే అనుమానం వెలిబుచ్చింది. వేసుకున్న ఏడు గంటల తర్వాత వాటిలోంచి మందు అనుకున్నట్టు అందకపోవచ్చని చెప్పి, అసలు మాత్రకు సమానమన్న గుర్తింపును తీసేసింది. అంటే మీరు ఊహించుకుంటున్నారని ఎవరైనా కొట్టిపారేస్తే నమ్మనక్కర్లేదు. ఆంఫెటమిన్ రకం వాడేవాళ్ళకు ఇంకొకటి: మూత్రం ఆమ్లంగా ఉంటే అది త్వరగా బయటికి పోతుంది. పెద్ద మోతాదులో విటమిన్ సి మాత్రలు మింగేవాళ్ళకు మందు త్వరగా దిగినట్టు అనిపించవచ్చు. మీది మిథైల్‌ఫెనిడేట్ కాబట్టి ఈ బెడద మీకు లేదు.

ఇవన్నీ సర్దుకునేలోపు ఆ గంట రోజూ వస్తూనే ఉంటుంది కదా. దాంట్లో ఎలా బతకాలన్నది నా దృష్టిలో మందుతో సమానమైన విషయం.

ఫోన్‌లో నాలుగింటికి అలారం పెట్టుకోండి. అది మోగినప్పుడు మీరింకా బాగానే ఉంటారు, అదే దాని ఉపయోగం. తినండి, నీళ్ళు తాగండి, ఆలోచించి చేయాల్సిన పని ఏదున్నా ఆపేసి చేతులతో చేసే పనిలోకి మారండి. బట్టలు మడతపెట్టడం, గిన్నెలు తోమడం, సామాను సర్దడం ఏదైనా సరే. కుదిరితే పది నిమిషాలు బయట నడవండి. నడక కుంగుబాటును మాయం చేయదు, కానీ ఒంట్లో చేరిన ఆ చిరాకుకి ఒక దారి చూపిస్తుంది. టీవీ, పిల్లల ఆట, మిక్సీ శబ్దం అన్నీ ఒకేసారి మీద పడకుండా చూసుకోండి. ఆ సమయంలో చెవులు పచ్చిపుండులా ఉంటాయి.

ఆ గంటలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి, మందు గురించి కూడా. ఘాటైన మెయిల్‌కి జవాబు రాయాల్సి వస్తే రాసిపెట్టుకోండి, పంపకండి. "నేను ఎందుకూ పనికిరాను" అన్న మాట ఆ సమయంలో చాలా గట్టిగా, నిజంలా వినిపిస్తుంది. దాంతో వాదించకండి, వాదనకు కావలసిన ఓపిక అప్పుడు మెదడుకి ఉండదు. టైము చూసి కాగితం మీద రాయండి: "5:10, పనికిరానని అనిపిస్తోంది." మర్నాడు పొద్దున పదింటికి తీసి చదవండి. పొద్దున కూడా అదే ఆలోచన అంతే బలంగా ఉంటే అది మందు పని కాదు, దాన్ని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చాలావరకు మాత్రం పొద్దున చదివితే వేరెవరో రాసినట్టుంటుంది. ఇది చిన్న పనే, కానీ నన్ను నేను నమ్మడానికి దీనంత సాయం ఇంకేదీ చేయలేదు.

ఇంట్లోవాళ్ళకు బాగున్న వేళ చెప్పండి, పడిపోతున్నప్పుడు కాదు. "నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా నా ఒంట్లో మందు దిగుతుంది. అప్పుడు నేను ముభావంగా ఉంటే అది మీమీద కోపం కాదు. లెక్కలు, బిల్లులు, గొడవలు ఏడు తర్వాత మాట్లాడుకుందాం." ఈ మాత్రం చాలు. మీ బాబుకి ఎన్నేళ్ళో రాయలేదు. చిన్నవాడైనా అర్థమవుతుంది: "అమ్మానాన్నలకి కూడా ఒక్కోసారి ఒంట్లో బాగుండదు, అందులో నీ తప్పేం లేదు" అని చెప్తే చాలు. ఒకవేళ అరిచేస్తే, ఏడు తర్వాత వెళ్ళి "ఇందాక అరిచాను, అది సరికాదు" అని ఒక్క మాట చెప్పండి. మందు దిగింది కాబట్టి అరిచానని సంజాయిషీ ఇవ్వకండి. కారణం మందే అయినా, మాట పడింది వాడు. రాత్రంతా మిమ్మల్ని మీరు తిట్టుకోవడం వల్ల వాడికి ఒరిగేదేం లేదు, ఆ ఒక్క మాట మాత్రం అందుతుంది.

సెలవురోజుల్లో మందు మానేయాలా అని కూడా కొందరు అడుగుతారు. పిల్లల్లో ఆకలి, ఎదుగుదల కోసం డాక్టర్లే కొన్నిసార్లు విరామం ఇస్తారు. ఈ సాయంత్రం సమస్యకు అది పరిష్కారం కాదు, సోమవారం మళ్ళీ అదే గంట వస్తుంది. చెప్పకుండా మానకండి.

కొన్ని మాత్రం ఎదురుచూసేవి కావు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం, లేనివి కనిపించడం, వినిపించడం, ఎవరో తరుముతున్నారన్న నమ్మకం, చచ్చిపోవాలన్న ఆలోచన. వీటిలో ఏది వచ్చినా పట్టికలూ అలారాలూ పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, దొరక్కపోతే అత్యవసర విభాగానికి వెళ్ళండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఆ ఒక్క గంటే వచ్చి పోతున్నా సరే, అది చెప్పాల్సిందే. ఒక్కరే ఉండకండి, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈ వారం తిండి, నీళ్ళు, కాఫీ సరిచేయండి, పట్టిక రాయండి. పది రోజుల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు కాగితం ఆయన ముందు పెట్టి ఇలా చెప్పండి: "ఎనిమిదికి వేసుకుంటున్నాను. నాలుగున్నరకు దిగుతోంది, రెండు గంటలు చిరాకూ దిగులూ ఉండి పోతోంది. మాత్ర గంట ఆలస్యంగా వేసుకుంటే ఇదీ ఇంతసేపు జరిగింది. మధ్యాహ్నం తింటే ఇంత తగ్గింది. పగటి ప్రభావం నాకు కావాలి, ఈ రెండు గంటలు వద్దు. రకం మార్చాలా, సాయంత్రం చిన్న డోసు కలపాలా, ఉన్నదే తగ్గించాలా?" గుండె జబ్బులు మీకో మీ ఇంట్లోవాళ్ళకో ఉంటే, ఇంకే మందులు వాడుతున్నా, అవి కూడా అప్పుడే చెప్పండి. మార్చిన ప్రతిసారీ ఒక్కటే మార్చమని అడగండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఆయనకీ తెలియదు, మీకూ తెలియదు.